ఆకలి సంగతి డాక్టరుకు చెప్పలేదు

ఆ రోజు ఆఫీసులో కంప్యూటర్ మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి. కళ్లు తుడుచుకుని చూశాను. అట్లనే ఉన్నాయి. వానాకాలం, కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. అయినా పొద్దటి నుంచి నా గొంతు ఎండిపోతూనే ఉంది. బాటిల్ నింపుకోవడం, గటగటా తాగడం, బాత్‌రూమ్‌కు పోవడం, ఇదే పనైంది. పక్క సీట్లో కూర్చునే షబానా అక్క చాలాసేపు చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఏందే సరితా, ఏమన్న విశేషమా?" అని మెల్లగా అడిగింది.

నవ్వి ఊరుకున్నాను. విశేషం కాదని నాకు తెలుసు. కానీ ఏదో తేడాగా ఉందని కూడా తెలుసు. అప్పటికి కొన్ని వారాలుగా బట్టలు వదులవుతున్నాయి. అంత తింటూ ఎట్లా చిక్కిపోతున్నానో నాకే అర్థం కాలేదు.

బాన్సువాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో నేను కంప్యూటర్ పని చేస్తాను. మా ఆయన మహేశ్‌కు ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం ఉంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ. అప్పటికి మా పెళ్లయి రెండేళ్లు. అందుకని నేను మాటిమాటికీ బాత్‌రూమ్‌కు పోతుంటే అత్తమ్మకు కూడా షబానా అక్కకు వచ్చిన ఆలోచనే వచ్చింది. ఆ సాయంత్రం దానిమ్మ పండు ఒలిచి గిన్నెలో పెట్టి, "రేపు దవాఖానకు పోయి చూపించుకొని రాండ్రి" అంది. ఆమె మొహంలో సంతోషం చూసి, కాదని చెప్పలేకపోయాను.

మరునాడు డాక్టరు సారు వేలికి సూది గుచ్చి మిషన్‌లో చూశారు. మళ్లీ గుచ్చారు. తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"షుగర్ మూడు వందల ఎనభై దాటింది. ఇరవై ఏడేండ్లకు షుగరేందమ్మా? ఇంట్ల ఎవరికన్న ఉందా?"

"లేదు సార్."

"రోజు ఏం తింటవు?"

పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు. "పొద్దున రెండు చపాతీలు సార్. పగటీలి కొంచెం అన్నం. రాత్రి తినబుద్ధి కాదు" అని చెప్పాను.

"అవును సార్, పిడికెడు తింటది" అన్నాడు ఆయన. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను ఆయన ముందు పిడికెడే తినేదాన్ని.

సారు నన్ను ఒకసారి, నా బరువు రాసిన చీటీని ఒకసారి చూసి, ఇంకేం అడగలేదు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు రాశారు. "అన్నం ఒక్క కప్పే. స్వీట్లు, నూనె సామాన్లు బంద్. ఆకలైతే కీరదోస తిను. మూడు నెలలకు హెచ్‌బీఏవన్‌సీ, అంటే సగటు షుగర్ టెస్టు, చేయిద్దాం" అని ఒక డైట్ చార్టు చేతిలో పెట్టారు.

ఇప్పుడు నిజం రాస్తాను.

పొద్దున ఇంట్లో రెండు చపాతీలు తిని బయల్దేరేదాన్ని. బస్టాండ్ దగ్గర బండి మీద పూరీలు తినేదాన్ని, రోడ్డుకు వీపు పెట్టి. ఆఫీసుకు అందరికంటే ముందు పోయి, తాళం తీసి, టిఫిన్ డబ్బా సగం ఖాళీ చేసేదాన్ని. మిగిలిన సగం మధ్యాహ్నం అందరితో కూర్చుని మెల్లగా, మర్యాదగా తినేదాన్ని. సాయంత్రం బేకరీలో ఎగ్ పఫ్‌లు కట్టించుకుంటూ "పిల్లలకు" అని చెప్పేదాన్ని. మా ఇంట్లో పిల్లలు లేరు. స్కూటీ రైస్ మిల్లు గోడ పక్కన ఆపి, హెల్మెట్ కూడా పూర్తిగా తీయకుండా వాటిని మింగేదాన్ని. నమలడం అనేది ఉండదు. ఒకటి గొంతు దిగకముందే రెండోది చేతిలో ఉండేది. కడుపు నొప్పి పెట్టేదాకా తిని, చున్నీతో మూతి తుడుచుకుని, ఇంటికి పోయి "ఆకలి లేదత్తమ్మా" అనేదాన్ని.

అది రుచి కోసం కాదు. ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండేది కాదు. మా బెడ్‌రూమ్ అలమారలో పట్టుచీరల వెనక, మడతల్లో కూడా తిండి దాచేదాన్ని. బిస్కెట్లు, బూందీ, పెండ్లిళ్లలో ఇచ్చిన లడ్డూలు, ఒక్కోసారి ఇంట్లో మిగిలిన చపాతీలు. అవి అక్కడ ఉన్నాయని తెలిస్తేనే నాకు నిద్ర పట్టేది. నాది కక్కుర్తి అనుకున్నాను. జబ్బు అనే ఆలోచనే రాలేదు. కక్కుర్తి ఉన్న మనిషి ఏం చేస్తుంది? దాచుకుంటుంది. నేనూ అదే చేశాను.

డైట్ చార్టు వచ్చాక అది ఇంకా ముదిరింది. అత్తమ్మ ఆ చార్టును ఫ్రిజ్ మీద అంటించి, నిజంగానే కప్పుతో కొలిచి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. పాపం, ఆమె మంచికే చేసింది. ఆ కప్పును చూస్తే నాకు చెమటలు పట్టేవి. మూడో రోజో నాలుగో రోజో, బుద్ధిగా చార్టు ప్రకారమే తిని, మాత్రలు వేసుకుని ఆఫీసుకు పోయాను. పదకొండు దాటాక చేతులు వణకడం మొదలైంది. గుండె దడదడా కొట్టుకుంది. కళ్ల ముందు మసక. గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి తక్కువైతే షుగర్ పడిపోతుందని, దాన్ని హైపో అంటారని చాలా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. ఆ వణుకు నాకు కొత్తది కాదు.

మాది కోటగిరి దగ్గర ఒక పల్లె. కాలువ చిట్టచివరి పొలాలు మా ఊరివి. నిజాంసాగర్ ప్రాజెక్టు నిండిన ఏడాది నాట్లు, కలుపులు, కోతలతో మా అవ్వకు చేతి నిండా కూలి ఉండేది. మేము అమ్మను అవ్వ అనే పిలుస్తాం. నిండని ఏడాది ఏమీ ఉండేది కాదు. మా నాయిన చెరుకు లోడు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి పోయేదాకా మంచంలోనే ఉన్నాడు. కంట్రోల్ బియ్యం నెలాఖరుదాకా వచ్చేవి కావు. బడి నడిచే దినాల్లో మధ్యాహ్న భోజనం ఉండేది కాబట్టి నాకు, తమ్మునికి గడిచిపోయేది. మా తరగతి పిల్లలంతా ఎండాకాలం సెలవులు ఎప్పుడొస్తాయా అని చూసేవాళ్లు. నాకు సెలవులంటే భయం. బడి బంద్ అయితే అన్నం బంద్. ఆ సెలవుల్లో పొద్దు గుంకకముందే అవ్వ మమ్మల్ని పండుకోబెట్టేది. "కండ్లు మూసుకోండ్రి, ఆకలి తెల్వదు" అనేది. కండ్లు మూసుకుంటే చేతులు వణికేవి.

తర్వాత హాస్టల్లో సీటు వచ్చింది. అక్కడ కడుపు నిండింది. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, సంబంధం వచ్చింది. హాస్టల్లో ఎందుకు చదివావని పెండ్లి చూపులప్పుడు అడిగితే, "అక్కడ చదువు మంచిగ చెప్తరు" అన్నాను. పేదవాళ్లమని మా అత్తగారింటికి తెలుసు. పస్తులున్నవాళ్లమని తెలియదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. పేదరికం గురించి చెప్పుకుంటే మెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు. ఆకలి గురించి చెప్పుకుంటే మనుషులు మన చేతి వైపు చూస్తారు, ఎక్కడ ఏం తీసుకుంటామో అని. నాకు అట్లనే అనిపించేది.

ఆ వణుకు మళ్లీ రావద్దని మాత్రలు మానేశాను. రోజూ మాత్ర విప్పి, అత్తమ్మ చూస్తుండగా నోట్లో వేసుకుని, వాష్ బేసిన్ దగ్గర ఉమ్మేసేదాన్ని. "మాత్రలు పడుతున్నయా?" అని మా ఆయన అడిగితే "పడుతున్నయి" అనేదాన్ని.

ఒక ఆదివారం పగలు అత్తమ్మ మా గదిలో బండలు తుడుస్తూ ఆగిపోయింది. చీమలు. కిటికీ నుంచి గోడ వెంబడి అలమారలోకి బారుగా పోతున్నాయి. నేను వంటింట్లో ఉన్నాను.

"సరితా, గిదేంది?"

ఆ గొంతు వినగానే అర్థమైంది. నేను పోయేసరికి ఆమె చీరలు తీసి మంచం మీద పెట్టింది. మడతల నడుమ బూజు పట్టిన చపాతీలు, చీమలు పట్టిన లడ్డూలు, చినిగిన బిస్కెట్ ప్యాకెట్లు. నా పెండ్లి చీరకు నూనె మరకలు. మా ఆయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

తిడుతుందనుకున్నాను. ఆమె మంచం అంచు మీద కూర్చుండిపోయింది. "మేం నీకు కడుపు నిండ పెడ్తలేమా బిడ్డా? నలుగురికి తెలిస్తే ఏమంటరు? కోడలికి తిండి పెడ్తలేరు, అందుకే దాచుకొని తింటుందనరా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సిగ్గు ఆమెకు కూడా అంటుకుంది.

"ఆఫీసుల పంచుదామని తెచ్చిన అత్తమ్మా. మర్చిపోయిన."

మా ఆయన వంగి ఒక చపాతీ తీశాడు. పచ్చగా బూజు పట్టి, అట్టముక్కలా గట్టిగా ఉంది. "గిది పంచుదామనుకున్నవా?" అన్నాడు. ఆయన దాన్ని కవర్లో వేసి, మిగిలినవన్నీ ఏరి, బయట పారేసి వచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మా మధ్య అవసరానికి మించి మాటలు లేవు.

మాత్రలు లేవు, తిండి ఆగలేదు. అలమార పోతే స్కూటీ డిక్కీ ఉంది. అప్పుడే తొడ మీద గడ్డ లేచింది. చూపించుకోవడానికి సిగ్గుపడి పసుపు పెట్టి ఊరుకున్నాను. అది ఎర్రగా ఉబ్బింది. జ్వరం వచ్చింది. ఒక పొద్దున వాంతులు మొదలై ఆగలేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి. ఊపిరి పరుగెత్తినట్టు వస్తోంది. మాట్లాడితే నాలుక మడతపడుతోంది. మా ఆయన దుకాణం వదిలేసి వచ్చి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. సారు మూత్రం టెస్టు చూసి, "కీటోన్స్ బాగ ఉన్నయి. ఆగొద్దు, నిజామాబాద్ తీస్కపోండ్రి" అన్నారు. అంబులెన్స్‌లో పోయిన దారి నాకు సరిగా గుర్తులేదు. మా ఆయన నా చెంప మీద తడుతూ "నిద్రపోకు, సరితా, నిద్రపోకు" అనడం ఒక్కటే గుర్తుంది.

ఐసీయూలో సెలైన్లు, ఇన్సులిన్ డ్రిప్. గంట గంటకూ వేలికి సూది. గడ్డ కోసి చీము తీశారు. తెలివి వచ్చాక అక్కడి డాక్టరు సారు నా మంచం దగ్గర నిలబడి చెప్పారు.

"దీన్ని డీకేఏ అంటరు, షుగర్ మరీ ఎక్కువై రక్తంల యాసిడ్ చేరుతది. ఇంకొంచెం లేటైతే మనిషి దక్కకపోతుండె. నీ హెచ్‌బీఏవన్‌సీ పదమూడు ఉంది, ఏడు లోపల ఉండాలె. మాత్రలు ఆపినవా?"

"లేదు సార్. వేసుకుంటున్న."

చావు దాకా పోయి వచ్చాక కూడా నా నోట అబద్ధమే వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

వార్డుకు మార్చారు. ఇన్సులిన్ డోసు పెంచుతున్నా షుగర్ ఎగుడుదిగుడుగా వస్తోంది. సారు చార్టు చూస్తూ "ఎందుకు తగ్గుతలేదు?" అని నర్సును అడుగుతున్నారు. నాకు తెలుసు ఎందుకో. దవాఖాన ఇచ్చిన ఇడ్లీల్లో సగం నేను కాగితంలో చుట్టి దిండు కింద పెట్టుకుంటున్నాను. అవి కాక, ఆ పొద్దున పక్క మంచం పెద్దమ్మ టెస్టుకు పోయినప్పుడు ఆమె టేబుల్ మీది బన్ను తీసుకున్నాను. సారు రౌండ్స్‌లో ఉన్నప్పుడే ఆ పెద్దమ్మ కూతురు వెతుకుతోంది. "బన్ను గీడనే పెట్టిన, ఏమైంది?" అంటోంది. నర్సు నా దుప్పటి సర్దబోయి దిండు ఎత్తింది.

ఇడ్లీ ముక్కలు, సగం కొరికిన బన్ను.

పెద్దమ్మ కూతురు ఆ బన్నును, నన్ను చూసి, తల తిప్పుకుంది. మా ఆయన అక్కడే ఉన్నాడు. జేబులో చేయి పెట్టుకుని, వాళ్లకు కొత్త బన్ను తెస్తానని చెప్పి గబగబా బయటికి పోయాడు. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఆ దుప్పటి కింద నుంచి ఎప్పటికీ బయటికి రావద్దనుకున్నాను.

సారు మా ఆయనను పిలిచి, "సైకియాట్రీ మేడమ్‌కు రిఫర్ చేస్తున్న" అన్నారు.

"ఆమెకు పిచ్చేం లేదు సార్."

"పిచ్చి అని నేనన్లేదు. ఇది ఒట్టి షుగర్ సంగతి కాదు. అందుకే అంటున్న."

ఆ మరునాడు మేడమ్ గదికి తీసుకుపోయారు. అప్పటికి మా అవ్వ ఊరి నుంచి వచ్చింది. మేడమ్ కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. మేడమ్ చిన్న వయసు ఆవిడే. నిద్ర గురించి, ఉద్యోగం గురించి అడిగింది. తర్వాత మామూలుగా, చలి పెడుతోందా అని అడిగినట్టు అడిగింది.

"చిన్నప్పుడు ఇంట్లో తిండికి ఇబ్బంది ఉండేదా సరితా?"

తలుపు దగ్గర మా ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. "లేదు మేడమ్. మాకు మంచిగనే ఉండె."

"ఉండె మేడమ్" అంది అవ్వ. "ఇబ్బంది ఉండె."

"అవ్వా, ఊకో."

"ఎన్నేండ్లు ఊకోవాలె బిడ్డా? సచ్చి బతికినవు." అవ్వ నా వైపు చూడలేదు. మేడమ్ బల్ల కాలును చూస్తూ చెప్పింది. "పని లేనప్పుడు నేను కోటగిరిల పెండ్లిళ్లకు బోళ్లు తోమపోతుంటి మేడమ్. మిగిలిన అన్నం ఇస్తరని. దీన్ని ఎంట తీస్కపోతుంటి. బోళ్ల కాడ కూసో, ఆఖరుకు తిందువు అని చెప్పిన. ఒకపారి ఆకలికి ఆగలేక పోయి తినేటోళ్ల బంతిల కూసున్నది. దీని బట్టలు జూసి పెండ్లోళ్ల పెద్దమనిషి రెక్క పట్టి లేపిండు. చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. ఎవరి పిల్ల ఇది అని ఒర్రిండు. నేను గాడనే నిలబడి ఉన్న, తోమే గంజు పట్టుకొని. నీ పిల్లనా అని నన్నడిగిండు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పని పోతదని భయపడ్డ మేడమ్. నాకు తెల్వదు, ఎవరి పిల్లనో అన్న."

ఆ మాట నేను ఆ పెండ్లి రోజే విన్నాను. ఎనిమిదేండ్ల పిల్లను. అవ్వ మొహం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు ఆమె నన్ను ఎత్తుకుని నడిచింది, ఎత్తుకునే వయసు కాకపోయినా. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆమె మర్చిపోయిందనుకున్నాను. నేను కూడా మర్చిపోయాననే అనుకున్నాను. కానీ తినేటప్పుడు ఎవరో వెనక నుంచి రెక్క పట్టి లేపుతారని నా ఒంటికి గుర్తున్నట్టుంది. అందుకే అంత తొందర. అందుకే గోడ పక్కన నిలబడి తినడం.

మేడమ్ లేచి అవ్వకు నీళ్లిచ్చింది. నా వైపు తిరిగి, "దీన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటాం, ఆపుకోలేక ఎగబడి తినే జబ్బు. నీది కక్కుర్తి కాదు. చిన్నప్పుడు ఆకలి తెలిసిన ఒళ్లు, పెద్దయ్యాక తిండి కనబడితే వదలదు. అట్లా పెరిగినవాళ్లకు షుగర్ కూడా తొందరగా వచ్చే అవకాశం ఎక్కువ. దానికి తోడు నీ చేతికి కప్పు అన్నం చార్టు ఇచ్చారు. వాళ్లకు తెలియదు కదా, నువ్వు చెప్పలేదు కాబట్టి" అంది.

ఆ మాటతో తేలికపడి ఉండాలి. పడలేదు. మా ఆయన అంతా విన్నాడన్నదే నా తలలో తిరిగింది.

డిశ్చార్జ్ అయి, దోస్తును అడిగి తెచ్చిన కారులో వస్తుంటే, వర్ని ఊరు దాటాక ఆయన నోరు విప్పాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే చేసుకుంటుంటివా బావా?"

ఆయన రోడ్డు చూస్తూ కొంతదూరం పోయాక, "తెల్వదు" అన్నాడు. అప్పుడు ఆ జవాబుకు ఏడ్చాను. ఇప్పుడనిపిస్తుంది, మా ఇద్దరిలో ఆ రోజు నిజం చెప్పింది ఆయనే.

వైద్యం అంటే నేను అనుకున్నట్టు తిండి మాన్పించడం కాదు. మేడమ్ మొదట ఆ డైట్ చార్టు తీసేయించింది. ఆకలి అయ్యేదాకా ఆగకుండా, వేళకు తినాలి. మూడు పూటల భోజనం, నడుమ రెండు సార్లు చిరుతిండి. కూర్చుని తినాలి. ఎవరో ఒకరి ముందు తినాలి. ఏ పూటా మానకూడదు, ముందు రోజు ఎంత తిన్నా సరే. షుగర్ డాక్టరుతో మాట్లాడి గ్లిమిపిరైడ్ ఆపించింది. కొన్ని నెలలు ఇన్సులిన్ వేసుకున్నాను, తర్వాత మెట్‌ఫార్మిన్‌కు వచ్చాను. మేడమ్ ఇచ్చిన ఒక మాత్ర కూడా ఉంది. మొదట్లో వారం వారం, తర్వాత నెలకొకసారి నిజామాబాద్ పోయి ఆమెతో మాట్లాడేదాన్ని.

అన్నిటికంటే కష్టం ఇంట్లో అందరి ముందు కూర్చుని తినడం. అత్తమ్మ నా కంచం వైపు చూడకుండా ఉండలేదు. నేను రెండోసారి అన్నం వేసుకుంటే ఆమె చేయి ఒక్క క్షణం ఆగేది. మా ఆయన కావాలని వేరే మాటలు ఎత్తేవాడు.

మధ్యలో మళ్లీ పాత దారిలో పడ్డాను. మా చుట్టాల ఇంట్లో పుట్టిన పాపకు తొట్టెల ఫంక్షన్ అయింది. మనుషుల సందడిలో ఏమైందో, వంటలు పెట్టిన వెనక గదిలోకి పోయి గులాబ్ జామూన్ గిన్నెలో చేయి పెట్టాను. ఎన్ని తిన్నానో తెలియదు. ఒక చుట్టపామె వచ్చి చూసి, "ఓ, గీమెవరు గిట్ల ఎగబడి తింటుంది?" అని గట్టిగా అంది. పాకం కారుతున్న చేతితో నిలబడిపోయాను. ఆమె వెనకే మా అత్తమ్మ వచ్చింది.

"మా కోడలు. తింటే తిననియ్యి, నీకేంది?" అంది.

అని, నన్ను పెరట్లోకి తీసుకుపోయి చేతులు కడిగించింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మాత్రం, "నా తల తీసేసినవు ఇయాల" అని ఇల్లు చేరేదాకా సణిగింది. రెండూ ఆమే. ఆ సాయంత్రం నా అంతట నేనే మా ఆయనకు చెప్పాను, గిన్నెలో చేయి పెట్టానని. నేను చెప్పకముందే అత్తమ్మ చెప్పి ఉంటుందనుకున్నాను. చెప్పలేదట. "సరే, రేపు పొద్దుగాల టిఫిన్ మానకు" అన్నాడు. అంతే అన్నాడు.

ఇదంతా మొదలై ఏడాది దాటింది. మొన్నటి టెస్టులో హెచ్‌బీఏవన్‌సీ ఏడుకు దగ్గరికి వచ్చింది. పిల్లల కోసం చూడవచ్చని, ముందు గైనకాలజిస్టును కలవమని సారు చెప్పారు. బేకరీ ముందు నుంచి పోతే ఇప్పటికీ స్కూటీ నెమ్మదిస్తుంది. కొన్నిసార్లు ఆగుతుంది కూడా. ఆగినప్పుడు ఒక్కటి కొనుక్కుని, అక్కడి కుర్చీలోనే కూర్చుని తినడం నేర్చుకుంటున్నాను. అందరూ చూస్తున్నట్టే ఉంటుంది. ఎవరూ చూడరు.

అవ్వ అప్పుడప్పుడు వస్తుంది. ఆ పెండ్లి గురించి మేము మళ్లీ మాట్లాడలేదు. ఒకసారి నేను ఎత్తబోతే, "ఒద్దు బిడ్డా" అంది. ఊరుకున్నాను. ఆమె సిగ్గు ఆమెకుంది.

సిగ్గు పోయిందని నేను రాయలేను. షబానా అక్కకు ఇప్పటికీ నాకు ఒట్టి షుగర్ అనే తెలుసు. ఇది రాస్తున్నప్పుడు కూడా పక్కన ఎవరైనా వస్తే కాగితం తిప్పి పెడుతున్నాను. అయినా రాస్తున్నాను. ఎందుకంటే డాక్టరు ముందు కూర్చుని, పక్కన భర్తనో అత్తనో పెట్టుకుని, "మంచిగనే తింటున్న సార్" అని చెప్పేవాళ్లు నా ఒక్కదానితో ఆగరు.

చెప్పేది ఒక్కటే. డాక్టరు ఏమైనా అడిగినప్పుడు ఇంటివాళ్ల ముందు చెప్పలేకపోతే, "సార్, వీళ్లను కొంచెం బయట కూర్చోమనండి" అని అడగవచ్చు. అది తప్పు కాదు, ఎవరూ ఏమనుకోరు, డాక్టర్లకు అది రోజూ ఉండేదే. అట్లా అడగవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. తలుపు వేయించి, చిన్నప్పుడు ఏం తిన్నారో, ఏం తినలేదో మొదటి రోజే చెప్పండి.